తినిపించే చెయ్యి

2019 నవంబరు. మర్రిగూడ మండలంలో ఒక చిన్న ఊరు. పత్తి ఏరే రోజులు కావడంతో పొద్దు పొడవకముందే ఊరు సగం ఖాళీ అయ్యేది. అప్పటికి నేను ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్‌గా పద్దెనిమిదేళ్ల నుంచి పనిచేస్తున్నాను. పెళ్లయి వచ్చింది కూడా ఆ ఊరికే. ఎవరింట్లో ఏం జరుగుతుందో గడప దాటకుండానే చెప్పగలనని నాకో గర్వం ఉండేది. ఆ గర్వం ఎట్లా దిగిందో చెబుతాను.

మా పని గురించి బయటివాళ్లకు తెలిసింది తక్కువ. పిల్లలకు ఇంత అన్నం పెట్టి, నాలుగు పాటలు పాడించి, పడుకోబెట్టడమే అనుకుంటారు. నన్నడిగితే అసలు పని తూకమే. అయిదేళ్ల లోపు ప్రతి బిడ్డనూ నెలనెలా తూచి, ఆ బరువును గ్రోత్ చార్ట్ మీద చుక్కగా పెట్టాలి. చుక్కలు కలిపితే గీత అవుతుంది. గీత పైకి పోతుంటే బిడ్డ పెరుగుతున్నట్టు. అడ్డంగా సాగితే కన్నేసి ఉంచాలి, కిందికి దిగితే పరుగెత్తాలి. మ్యువాక్ టేప్ అని మరొకటుంది, మూడు రంగుల పట్టీ. బిడ్డ జబ్బకు చుట్టి చూస్తాం. ఆకుపచ్చలో పడితే ఫరవాలేదు, పసుపులో పడితే తిండి చాలడం లేదు, ఎరుపులో పడితే ప్రాణానికే ముప్పు. ఎరుపులో పడ్డ బిడ్డకు మామూలు జ్వరం, నాలుగు విరేచనాలు చాలు, చేతికందకుండా పోవడానికి.

మూడేళ్లు నిండని పిల్లలను సెంటర్లో కూర్చోబెట్టం. వాళ్ల వాటా ఇంటికే ఇస్తాం, గుడ్లూ బాలామృతం ప్యాకెట్టూ. బాలామృతమంటే గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన పిండి. వేడి నీళ్లలో కలిపితే జావలా అవుతుంది. ఇంటికి పోయిన పిండి బిడ్డ నోట్లోకే పోతుందని మాత్రం నేను రాసివ్వలేను. మా ఊళ్లో బాలామృతం మరిగిన బర్రెలున్నాయి. వాటికి గ్రోత్ చార్ట్ గీస్తే నా పిల్లలందరికన్నా పైనే ఉంటాయి.

ఆ ఏడు నన్ను కంగారు పెట్టిన పిల్ల పేరు నవ్య. ఏడాదిన్నర వయసు. తండ్రి శంకర్ నార్కట్‌పల్లిలో రోడ్డు పక్క హోటల్లో పనిచేసేవాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చేవాడు. ఇంట్లో ఉండేది తల్లి సుజాత, నానమ్మ ముత్తమ్మ, ఈ పిల్ల, కొట్టంలో ఒక బర్రె. వానాకాలం దాకా నవ్య గీత బాగానే ఉంది. దసరా తర్వాత మొదటి తూకానికి ఆగింది. ఆ తర్వాతి నెలకు కిందికి దిగింది. టేపు పసుపులో పడింది, అదీ ఎరుపు అంచున.

సుజాత పత్తి ఏరడానికి పోవడం మొదలుపెట్టింది సరిగ్గా దసరా తర్వాతే. నేను లెక్క కట్టడానికి అంతకన్నా ఎక్కువ ఆలోచించలేదు. తల్లి పనికి పోతోంది, పిల్లను పట్టించుకోవడం లేదు, బాలామృతం బర్రెకు పోతోంది. ఇంట్లో పెద్దమనిషి ఉన్నదన్న సంగతి నా రిజిస్టర్లో ఆ ఇంటికి మంచి మార్కు కింద ఉంది. పిల్లను చూసుకునేదెవరు అన్న చోట 'నానమ్మ' అని నా చేతులతో నేనే రాసి, పక్కన టిక్కు పెట్టాను.

ఊరి ఆరోగ్య దినం అని నెలకోసారి సెంటర్ దగ్గర జరుగుతుంది. ఏఎన్ఎం వచ్చి టీకాలు వేస్తుంది, తల్లులంతా చేరుతారు. ఆ రోజు పదిహేను మంది ఆడవాళ్ల ముందు నేను సుజాతను నిలబెట్టి కడిగేశాను. పత్తి ఏడికీ పోదు, పిల్ల పోతే మళ్లీ వస్తదా అన్నాను. బర్రె సంగతి కూడా ఎత్తాను. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అంటారు, సుజాత మెత్తని మనిషి. ఇంకెవరైనా అయితే నా నోటికి తగిన జవాబే చెప్పేవాళ్లు.

ఆమె తల వంచుకునే అన్నది. "పొద్దుగాల నాలుగింటికి లేసి పప్పు, బువ్వ వండి, గుడ్డు ఉడకబెట్టి పోతున్న టీచర్. పిండి గుడ కలిపి గిన్నెల పెడుతున్న. మాపటికి వచ్చేసరికి గిన్నె ఖాళీగనే ఉంటాంది. తిన్నది ఏడికి పోతాందో నాకు తెల్వదు."

కళ్ల నీళ్లు పెట్టుకుంది. నేను కరగలేదు. అబద్ధం చెప్పేవాళ్లు కూడా ఏడుస్తారని నా అనుభవం.

ఏఎన్ఎం నాకన్నా నిదానస్తురాలు. అపిటైట్ టెస్ట్ చేద్దాం అన్నది. అంటే ఆకలి పరీక్ష. బిడ్డ బరువును బట్టి ఇంత అని జావ కొలిచి, ఇంటివాళ్ల చేతనే తినిపించి, తింటుందో లేదో చూడటం. తినకపోతే లోపల ఏదో జబ్బు ఉన్నట్టు, దవాఖానకు పంపాలి. సుజాత నేల మీద చాప వేసుకుని కూర్చుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని, చెంచాతో పెట్టింది. నవ్య గిన్నె నాకినంత పని చేసింది. ఇంకా కావాలని తల్లి చెయ్యి పట్టుకుని గుంజింది.

పిల్లకు ఆకలి ఉంది. తల్లి వండి పెడుతోంది. గిన్నె ఖాళీ అవుతోంది. బరువు మాత్రం తగ్గుతోంది. పీహెచ్‌సీలో డాక్టరుకు చూపిస్తే నులిపురుగుల మందు వేశారు, రక్తం చూశారు, జబ్బేమీ కనిపించలేదన్నారు. రెండు వారాల తర్వాత మళ్లీ టేపు పెట్టమన్నారు. ఎరుపులో పడితే జిల్లా దవాఖానలో ఎన్ఆర్‌సీకి రాసిస్తామన్నారు. పోషణ తగ్గిన పిల్లలను తల్లితో సహా రెండు వారాలు ఉంచుకుని తిండి పెట్టి బాగుచేసే వార్డు అది. సుజాతకు ఆ మాట పిడుగులా పడింది. ఇంట్లో మగమనిషి లేడు, చేను కౌలుది, పత్తి పగిలి నిలబడి ఉంది.

రెండు వారాల తర్వాత టేపు ఎరుపులో పడింది.

టేపు పెట్టింది నేనే. ఎముక మీద చర్మం చుట్టినట్టుందా జబ్బ. పిల్ల ఏడవలేదు, అదే నాకు భయమేసింది. ఏడ్చే పిల్లకు ఇంకా సత్తువ ఉన్నట్టు లెక్క. ఆ రోజు పిల్లను తెచ్చింది పక్కింటామె, సుజాత చేనికి పోయింది. ఎన్ఆర్‌సీకి పోవాలని చెప్పి, రెఫరల్ కాగితం నింపడానికి మధ్యాహ్నం నేనే వాళ్లింటికి పోయాను.

ముత్తమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. నవ్య మంచం కోడు పట్టుకుని నిలబడి బిస్కెట్ చప్పరిస్తోంది. పక్కన మూత పెట్టిన గిన్నె. మూత తీస్తే పప్పన్నం, మీద సగం కోసిన గుడ్డు, సుజాత చెప్పింది చెప్పినట్టే ఉన్నాయి. కాగితంలో 'ఇంట్లో ఎట్లా తింటుంది' అని ఒక ప్రశ్న ఉంది. అడిగితే అందరూ మంచిగనే తింటది అంటారు. అందుకని నేను, "పెద్దమ్మా, నా ముందల రెండు ముద్దలు పెట్టు, చూసి రాసుకుంట" అన్నాను.

"నా చేతి బువ్వ తినదు బిడ్డా" అన్నది.

తినకపోతే తినలేదనే రాసుకుంటానన్నాను. ఆమె కాసేపు అటూ ఇటూ చూసింది. ఎండ తగ్గినంక పెడతానన్నది. నేను కదలకపోయేసరికి గిన్నె దగ్గరికి తీసుకుంది.

ముద్ద కలపడానికి ఆమెకు ఎంతో సేపు పట్టింది. కలిపిన ముద్దను పిల్లకు అందించబోయింది. చెయ్యి సాగలేదు. మోచెయ్యి వంగినది వంగినట్టే ఉండి, ముద్ద ఆమె రొమ్ము దగ్గరే ఆగిపోయింది. వంగుదామంటే నడుము వంగదు. కిందికి చూద్దామంటే మెడ తిరగదు. పిల్ల ఎక్కడుందో ఆమెకు కనిపించడం లేదు. నవ్య మునివేళ్ల మీద లేచి నోరు తెరిచి నిలబడింది. ముద్ద జారి పిల్ల నెత్తి మీద పడి, అక్కడి నుంచి నేల మీద పడింది.

అప్పుడు కోళ్లు వచ్చాయి. ఎవరూ పిలవలేదు. ఆ వేళకు అక్కడ బువ్వ పడుతుందని వాటికి తెలుసు.

నేను ఆ మంచం మీదే కూలబడ్డాను. మా ఊళ్లో ముత్తమ్మ లాంటివాళ్లు వీధికి నలుగురున్నారు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి నడుములు బిగిసినవాళ్లు, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పేవాళ్లు. అప్పటికే నల్లాల్లో మంచినీళ్లు వస్తున్నాయి, కానీ ముందు తాగిన నీళ్లు ఎముకల్లోంచి పోవు కదా. వాళ్లను చూసి చూసి మాకు అదొక వింత కాకుండా పోయింది. ముత్తమ్మను రోజూ చూస్తున్నాను. ఆమె చెయ్యి సాగదని నాకు తెలియదా? తెలుసు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను బర్రె కొట్టంలో బాలామృతం వెతికాను.

ఎన్నాళ్ల నుంచి ఇట్లా అని అడిగితే, మొదట్లో మంచం మీద కూర్చోబెట్టుకుని పెట్టేదాన్నని చెప్పింది. ఒకరోజు పిల్ల జారి కింద పడింది. పట్టుకోలేకపోయింది, లేపలేకపోయింది. పక్కింటామె వచ్చి లేపేదాకా పిల్ల ఏడుస్తూ నేల మీదే ఉంది. అప్పటి నుంచి భయపడి పిల్లను మంచం ఎక్కించడం మానేసింది. చేతికిస్తే తనంతట తానే తినేవి బిస్కెట్లొక్కటే. అవే ఇస్తూ వచ్చింది. కోడలు పెట్టిపోయిన బువ్వ ఆమె వచ్చేలోగా కోళ్ల పాలయ్యేది.

నాకు కోపం వచ్చింది. దాచను. ఒక్క మాట కోడలితో అంటే పోయేదేమిటి, పిల్ల ఎండిపోతుంటే కనపడలేదా అన్నాను.

ముత్తమ్మ నా వైపు తిరగడానికి ఒళ్లంతా తిప్పుకుంది. "ఇంట్ల కూసోని తింటున్న బిడ్డా. చేను పని చేతకాదు, వంట చేతకాదు. పోరినన్న చూస్తున్న గదా అని ఇంత ధైర్నంగ తింటున్న. గది గుడ చేతకాదంటే ఇగ నేనెందుకు?"

ఆమె మళ్లీ అన్నది, "సుజాతకు చెప్పకు. పత్తి ఇడిసిపెట్టి ఇంట్ల కూసుంటది. లేకపోతే నన్ను నా బిడ్డింటికి తోలుతది. అల్లునింట్ల నేనెట్ల బతకాలె?"

పద్దెనిమిదేళ్లలో నేను చాలామంది రహస్యాలు దాచాను. మొగుడికి తెలియకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లవి, అత్తకు తెలియకుండా గుడ్డు తిన్న బాలింతలవి. ఇది మాత్రం దాచలేనని చెప్పాను. దాస్తే పోయేది పిల్ల ప్రాణం. నేను చెప్పేదానికన్నా నువ్వే చెప్పు పెద్దమ్మా, నేను పక్కనుంటాను అన్నాను. చివరికి సరేనన్నది. ఆ మధ్యాహ్నం పప్పన్నం నేనే తినిపించాను. సగం గుడ్డుతో సహా గిన్నె ఖాళీ చేసింది నవ్య.

పొద్దుగూకేముందు సుజాత వచ్చింది. కొంగులో ఇంకా పత్తి పోగులున్నాయి. ముత్తమ్మ అంతా చెప్పింది, ఏదీ మిగల్చకుండా. సుజాత నిలబడే విన్నది.

"ఇన్నొద్దులు నేను నాలుగింటికి లేసి వండింది కోళ్లకేసినవా అత్తా?" అన్నది. అరవలేదు. అరిచినా బాగుండేది.

లోపలికి పోయింది. గిన్నెల చప్పుడు వినిపించింది. నేను లేచి పోదామా ఉందామా అని తేల్చుకోలేక కూర్చున్నాను. సుజాత బయటికి వచ్చి మంచం ముందు గొంతుక్కూర్చుని, అత్త చెయ్యి పట్టుకుని చాపబోయింది. కొద్దిగా వచ్చి ఆగింది. ఇంకొంచెం చాపితే ముత్తమ్మ మూలిగింది.

"గింత బిగిసిందని నాకెందుకు చెప్పలే?" అన్నది సుజాత. "నిన్ను తోలి నేనొక్కదాన్ని ఏం బాగుపడుత?" అప్పుడు ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు. నా సంగతి ఎందుకులెండి.

మర్నాడు నేను, సుజాత పిల్లను తీసుకుని డాక్టరు దగ్గరికి పోయి జరిగింది చెప్పాం. జబ్బు లేదు, ఆకలి ఉంది కాబట్టి వారం వారం చూపించే షరతు మీద ఇంటి దగ్గరే ప్రయత్నించమన్నారు. బరువు పెరగకపోతే ఎన్ఆర్‌సీ తప్పదన్నారు. మూడేళ్ల లోపు పిల్లలను సెంటర్లో ఉంచుకోవద్దన్న నియమాన్ని నేను ఆ సీజనుకు పక్కన పెట్టాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నవ్య సెంటర్లో తినాలి. మా ఆయా పద్మ పోయి తెచ్చేది, తినిపించి దింపేది. సూపర్‌వైజర్ అడిగితే చెప్పుకుందాం అనుకున్నాను. ఆమె అడిగింది, చెప్పాను, ఆమె ఏమీ అనలేదు.

సెంటర్ మూసిన తర్వాత సుజాత వచ్చేదాకా ఇంకో పూట మిగిలింది. దానికి దారి కనిపెట్టింది ముత్తమ్మే. ఒకరోజు పద్మ పిల్లను దింపుతూ, చేతులు నొప్పెట్టి అరుగు మీద కూర్చోబెట్టిందట. వాకిట్లో కర్ర పట్టుకుని నిలబడి ఉన్న ముత్తమ్మకు పిల్ల నోరు సరిగ్గా తన రొమ్ము ఎత్తున కనిపించింది. "పోరిని గాడనే ఉండనీ" అన్నదట. మెడ వంచనవసరం లేదు, చెయ్యి చాచనవసరం లేదు. పిల్ల పడకుండా పాత చీర పేలికను స్తంభానికి వేసి వదులుగా కట్టారు. సుజాత పొద్దున్నే అన్నం మెత్తగా పిసికి పెట్టి పోయేది. ముత్తమ్మ అరుగుకు ఒరిగి నిలబడి చెంచాతో పెట్టేది. ఒక్కో పూట అరగంట నిలబడాలి. ఆ మోకాళ్లతో అరగంట నిలబడటమంటే ఏమిటో మా ఊరివాళ్లను అడిగితే చెబుతారు.

ఇల్లు అలకగానే పండగ కాదు. మొదటి వారం బరువు పెరగలేదు. రెండో వారం కొద్దిగా కదిలింది. మధ్యలో జలుబు చేసి మళ్లీ తగ్గింది, ఆ నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. సంక్రాంతి దాటాక టేపు పసుపులోకి వచ్చింది. ఎండలు ముదిరేసరికి ఆకుపచ్చలో పడింది. కోళ్లు మాత్రం చిక్కిపోయాయని సుజాత నవ్వింది.

తర్వాతి ఆరోగ్య దినం నాడు, నేను నోరు పారేసుకున్న ఆ ఆడవాళ్లందరి ముందే, సుజాత బాలామృతం బర్రెకు పెట్టలేదని, తప్పు నాదేనని చెప్పాను. ముత్తమ్మ సంగతి ఎత్తలేదు. ఆమే నాలుగు రోజుల తర్వాత బోరింగు దగ్గర అందరికీ చెప్పుకుంది. విన్నవాళ్లలో ఇద్దరు ముసలమ్మలు తమదీ అదే బాధ అన్నారట.

మాకు ట్రైనింగులో నేర్పేది ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, రోజుకు ఎన్నిసార్లు పెట్టాలి. అవన్నీ నిజమే. ఎవరి చేత్తో పెడుతున్నారు, ఆ చెయ్యి నోటిదాకా పోతోందా అన్నదానికి రిజిస్టర్లో గడి లేదు. నేను పెన్సిలుతో ఒక గడి గీసుకున్నాను. అప్పటి నుంచి ఏ ఇంటికి పోయినా ఉపన్యాసం మానేసి, నా ముందు నాలుగు ముద్దలు పెట్టమంటాను. కూర్చుని చూస్తాను. పిల్ల ఎందుకు చిక్కిందో సగం ఇళ్లలో అక్కడే తెలిసిపోతుంది.

ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్నయి తేలుతాను. కానీ ఇంకొకటుంది. ఆ వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా అత్తమ్మకు కంచం పెట్టి, చాలా ఏళ్లకు నేనూ ఎదురుగా కూర్చున్నాను. మామూలుగా అన్నం పెట్టి నా పనికి నేను పోయేదాన్ని. ఏడాదిగా ఆమె సగం అన్నం వదిలేస్తుంటే, ఆకలి మందగించిందని టానిక్కులు తెచ్చి పోశాను. ఆ రోజు చూస్తే, ముద్ద పట్టుకున్న చెయ్యి నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఆగుతోంది. మిగిలిన దూరం తల వంచి అందుకోవాలని చూస్తోంది, మెడ రావడం లేదు. మెతుకులు ఒళ్లో పడుతున్నాయి. నేను చూస్తున్నానని తెలియగానే కంచం పక్కకు జరిపి, చాలు బిడ్డా ఆకలైత లేదు అన్నది.

"ఎప్పటిసంది అత్తమ్మా?" అన్నాను.

"రెండేండ్లాయె" అన్నది. "నువ్వు అడగకపోతివి."